ఇక్కడి ఫోన్ అక్కడ, అక్కడి ఫోన్ ఇక్కడ: విమానం ఎక్కే ముందే చూసుకోవాల్సినవి

మా మేనకోడలు ఆగస్టులో చదువుకోడానికి డాలస్ వెళ్లింది. చేతిలో గుంటూరులో కొన్న ఫోనే, కొని ఏడాది కూడా కాలేదు. దిగిన మర్నాడు వాట్సాప్‌లో మెసేజ్ పెట్టింది: “మావయ్యా, నెట్ వస్తోంది, ఫోన్ మాత్రం ఎవరికీ కలవట్లేదు. ఇంటి ఓనర్‌కి చేయాలి. వాళ్లు చేసినా నాకు మోగట్లేదంట.” కింద ఒక చిన్న వీడియో. సిగ్నల్ గీతలు నాలుగూ నిండుగా ఉన్నాయి. డయల్ నొక్కగానే ఆ గీతలు మాయమైపోతున్నాయి. మూడు నాలుగు సెకన్లు ఏదో వెతుక్కుని, “కాల్ ఎండెడ్” అని పడుతోంది. వెంటనే గీతలు మళ్లీ నిండుతున్నాయి. ఇక్కడ మా అక్క టెన్షన్‌తో రెండు రోజులు సరిగా అన్నం తినలేదు.

ఫోన్ పాడవలేదు. సిమ్‌లోనూ తప్పు లేదు. ఆ వీడియోలో ఏం జరుగుతోందో అర్థమైతే ఈ విషయం సగం అర్థమైనట్టే. దాని గురించి కింద వివరంగా రాశాను. ముందు ఒక్క మాట. పరదేశం వెళ్లే ముందు మన ఇళ్లలో అందరూ అడిగేది “అక్కడ ఈ సిమ్ పనిచేస్తుందా?” అని. అడగాల్సినవి నాలుగు. ఫోన్‌లో అక్కడి తరంగాలు పట్టే బ్యాండ్లు ఉన్నాయా? ఫోన్ ఒకే కంపెనీ సిమ్‌తో పనిచేసేలా లాక్ ఉందా? అక్కడి నెట్‌వర్క్ ఈ మోడల్‌ని మాటల కాల్స్‌కి ఒప్పుకుంటుందా? మన ఇండియా నంబరు గతి ఏమిటి? ఈ నాలుగూ ఇంట్లో కూర్చుని తేల్చుకోవచ్చు. దేనికీ పైసా ఖర్చు లేదు. కనీసం 10 రోజుల ముందు మొదలుపెట్టండి. అన్ని రోజులు ఎందుకో నాలుగో మెట్టులో తెలుస్తుంది.

మొదటి మెట్టు: మోడల్ నంబరు, బ్యాండ్లు

ఫోన్ పేరు చాలదు, మోడల్ నంబరు కావాలి. ఒకే పేరుతో అమ్మే ఫోన్ ఇండియాకి ఒక రకంగా, అమెరికాకి ఇంకో రకంగా తయారవుతుంది. సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్ తెరిస్తే అక్షరాలు, అంకెలు కలిసిన మోడల్ నంబరు ఉంటుంది. దాన్ని కాగితం మీద రాసుకోండి. తర్వాత డయలర్‌లో *#06# నొక్కండి. 15 అంకెల ఐఎంఈఐ, అంటే ఫోన్ గుర్తింపు నంబరు వస్తుంది. రెండు సిమ్‌ల ఫోన్‌కి రెండు వస్తాయి. అవీ రాసుకోండి, ఫొటో తీసి ఇంట్లో ఒకరికి పంపండి. ఫోన్ పోతే ఫిర్యాదులో అడిగేది ఈ నంబరే.

ఇప్పుడు ఆ మోడల్ నంబరుతో కంపెనీ వెబ్‌సైట్‌లో ఎల్‌టీఈ (అంటే 4జీ) బ్యాండ్ల జాబితా చూడండి. మన దగ్గర 4జీకి ఎక్కువగా వాడేవి బ్యాండ్ 3, 5, 8, 40. వీటిలో 3 అంటే 1800 మెగాహెర్ట్జ్, 40 అంటే 2300. అమెరికాలో కథ వేరు. అక్కడ 2, 4, 5, 12, 13, 66, 71 ముఖ్యం. అక్కడి నెట్‌వర్క్ కంపెనీల్లో టీ-మొబైల్‌కి 71, 12 ఆయువుపట్టు, వెరిజాన్‌కి 13. ఇవి 600, 700 మెగాహెర్ట్జ్ దగ్గరి తక్కువ తరంగాలు. గోడలు దాటి లోపలికి వస్తాయి, దూరం పోతాయి. మన దగ్గర కొన్న చవక ఫోన్లు చాలావాటిలో ఈ తక్కువ బ్యాండ్లు ఉండవు. అలాంటి ఫోన్ రోడ్డు మీద బాగా పనిచేస్తుంది, బేస్‌మెంట్ గదిలోకి వెళ్తే సిగ్నల్ పోతుంది. బ్రిటన్‌కి వెళ్లేవాళ్లు బ్యాండ్ 20, 7 చూసుకోండి. ఆస్ట్రేలియాకి అయితే 28 తప్పకుండా ఉండాలి. గల్ఫ్, సింగపూర్ వెళ్లేవాళ్లకి ఈ విషయంలో ఇబ్బంది తక్కువ. మన బ్యాండ్ 3 అక్కడా విరివిగా వాడతారు.

రెండో మెట్టు: లాక్

ఇండియాలో కొన్న ఫోన్లకి నెట్‌వర్క్ లాక్ దాదాపు ఉండదు కాబట్టి ఇక్కడి నుంచి వెళ్లేవాళ్లు ఈ మెట్టు త్వరగా దాటొచ్చు. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. కొన్ని శాంసంగ్ ఫోన్ల బాక్సు మీద “మొదట ఈ ప్రాంతపు సిమ్‌తోనే వాడాలి” అని స్టిక్కర్ ఉంటుంది. కొత్త ఫోన్‌ని సీలు విప్పకుండా సూట్‌కేసులో పెట్టి తీసుకెళ్తే అక్కడి సిమ్ వేయగానే పేచీ పెడుతుంది. ఇక్కడే మన సిమ్ వేసి, మొత్తం 5 నిమిషాలకు పైగా కాల్స్ మాట్లాడి తీసుకెళ్లండి.

అటునుంచి ఇటు వచ్చే ఫోన్ల సంగతే అసలు సంగతి. అమెరికాలో నెలవాయిదాల మీద కొన్న ఫోన్‌కి సాధారణంగా బాకీ తీరేదాకా లాక్ ఉంటుంది. పాత ఫోన్ అమ్మానాన్నలకి ఇద్దామని తెచ్చేవాళ్లు అక్కడ ఉండగానే లాక్ తీయించండి. ఇక్కడికి వచ్చాక అవతలి కస్టమర్ కేర్‌తో అర్ధరాత్రి మాట్లాడాల్సి వస్తుంది. ఐఫోన్ అయితే సెట్టింగ్స్‌లో జనరల్, అందులో అబౌట్, కిందికి దిగితే క్యారియర్ లాక్ అని ఉంటుంది. అక్కడ “నో సిమ్ రిస్ట్రిక్షన్స్” అని కనిపిస్తే లాక్ లేనట్టే. కెనడాలో 2017 డిసెంబరు నుంచి, బ్రిటన్‌లో 2021 డిసెంబరు నుంచి లాక్ చేసిన ఫోన్లు అమ్మకూడదని నియమం ఉంది. ఆ తర్వాత అక్కడ కొన్నవాటికి ఈ బెంగ లేదు. ఏదో కోడ్ కొట్టి లాక్ తీస్తామనే దుకాణాలకి ఇవ్వకండి. లాక్ సంగతి అమ్మిన నెట్‌వర్క్ సర్వర్‌లో ఉంటుంది, వాళ్లు తీస్తేనే పోతుంది.

మూడో మెట్టు: డేటా వస్తే కాల్ వచ్చినట్టు కాదు

ఇక మా మేనకోడలి వీడియోకి వద్దాం. 4జీ డేటా కోసం పుట్టింది. దాని మీద మాట పోవాలంటే వోల్టీ అనే విడి ఏర్పాటు కావాలి. వోల్టీ పనిచేయకపోతే ఫోన్ ఏం చేస్తుందంటే, కాల్ కొట్టగానే 4జీని వదిలేసి 3జీ కోసమో 2జీ కోసమో వెతుకుతుంది. గీతలు మాయమయ్యే క్షణం అదే. ఒకప్పుడు వెతికితే దొరికేది. ఇప్పుడు అమెరికాలో దొరకదు. 2022లో ఏటీ అండ్ టీ ఫిబ్రవరిలో, టీ-మొబైల్ జులైలో, వెరిజాన్ డిసెంబరు చివరన 3జీ ఆపేశాయి. సింగపూర్‌లో 2024లో 3జీ ముగిసింది. కాబట్టి ఫోన్ ఖాళీ గాలిలో వెతికి, చేతులెత్తేసి, మళ్లీ 4జీకి వచ్చేస్తుంది.

ఫోన్‌లో వోల్టీ ఉన్నంత మాత్రాన సరిపోదు. ఇది చాలామందికి తెలియక దెబ్బతింటున్నారు. ఒక్కో నెట్‌వర్క్‌కి తగిన వోల్టీ సెట్టింగులు ఫోన్ సాఫ్ట్‌వేర్‌లో ఉండాలి, ఆ నెట్‌వర్క్ కూడా ఆ మోడల్‌ని తన జాబితాలో పెట్టుకోవాలి. మన మేనకోడలి ఫోన్‌లో ఇండియా నెట్‌వర్క్‌లన్నిటికీ వోల్టీ చక్కగా ఉంది, తను తీసుకున్న అక్కడి నెట్‌వర్క్‌కి లేదు. ఇంకో నెట్‌వర్క్ ఈ-సిమ్ (ప్లాస్టిక్ ముక్క లేకుండా ఫోన్ లోపలే వేసే సిమ్) ట్రయల్ మీద తీసుకుని వేయగానే మోగింది. ఆ కాల్ మొదట వెళ్లింది వాళ్లమ్మకే.

ఆస్ట్రేలియా వెళ్లేవాళ్లు దీన్ని మరీ గట్టిగా పట్టించుకోవాలి. అక్కడ 2024 అక్టోబరు చివర 3జీ ఆపేశాక, వోల్టీ మీద అత్యవసర నంబరు 000కి కాల్ చేయలేని ఫోన్లను నెట్‌వర్క్‌ల్లోంచి మొత్తంగా ఆపేయాలని ప్రభుత్వం నియమం పెట్టింది. అంటే డేటా కూడా రాదు. ఆపదలో పనికిరాని ఫోన్‌ని నమ్ముకోకూడదని వాళ్ల ఉద్దేశం, అది సరైనదే. మెల్‌బోర్న్‌లో దిగాక తెలిస్తే మాత్రం కొత్త ఫోన్ కొనడం తప్ప దారి లేదు.

చేయాల్సిన పని తేలిక. వెళ్లబోయే దేశంలోని నెట్‌వర్క్‌ల వెబ్‌సైట్లలో “మీ ఫోన్ తెచ్చుకోండి” అనే అర్థంలో ఒక పేజీ ఉంటుంది. మీరు రాసుకున్న ఐఎంఈఐ అందులో వేయండి. పనిచేస్తుందో లేదో చెప్తుంది. ఒక నెట్‌వర్క్ కాదంటే రెండోదాంట్లో వేయండి. ఏటీ అండ్ టీ తన జాబితా విషయంలో బాగా కచ్చితం, టీ-మొబైల్ కొంత ఉదారం. ఏదీ ఒప్పుకోకపోతే ఆ ఫోన్ ఇంట్లో తమ్ముడికి ఇచ్చి వెళ్లండి.

నాలుగో మెట్టు: ఇండియా నంబరుని బతికించుకోవడం

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. బ్యాంకు, ఆధార్, ఆదాయ పన్ను, పీఎఫ్, అన్నీ ఆ పది అంకెల మీదే వేలాడుతున్నాయి. నంబరు పోతే కొన్నాళ్లకి ఇంకొకరికి ఇచ్చేస్తారు. అప్పుడు మీ బ్యాంకు ఓటీపీ ఎవరో తెలియని మనిషి ఫోన్‌కి వెళ్తుంది.

రోమింగ్ ఎలా నడుస్తుందో చెప్తాను. పెళ్లింట్లో కొత్తముఖం కనిపిస్తే “మీరు ఎవరి తాలూకు?” అని అడుగుతాం కదా. విదేశంలో మీ సిమ్ ఆన్ అవగానే అక్కడి నెట్‌వర్క్ అదే అడుగుతుంది. సిమ్‌లో ఉండే గుర్తింపు నంబరు 404తోనో 405తోనో మొదలైతే ఇండియా తాలూకు అని దానికి తెలుస్తుంది. వెంటనే ఇక్కడి మీ కంపెనీని అడుగుతుంది: ఈ మనిషి మీవాడేనా, లోపలికి రానివ్వమంటారా? మీరు ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్ చేయించుకోకపోతే మన కంపెనీ వద్దంటుంది. సిగ్నల్ రాదు, ఓటీపీ రాదు. ఆన్ చేయించుకుందామని కంపెనీ యాప్ తెరిస్తే, లాగిన్ అవడానికి ఓటీపీ అదే సిమ్‌కి పంపుతుంది. ఈ చిక్కులో పడ్డవాళ్లు గుంటూరులో ఉన్న తమ్ముడికి ఫోన్ చేసి, స్టోర్‌కి పంపి, అక్కడ వాళ్లు “నంబరు ఎవరి పేరున ఉందో వాళ్లే రావాలి” అంటే ఏం చేయాలో తెలియక తిరిగారు.

అందుకని ఇలా చేయండి. బయల్దేరే ముందే కంపెనీ యాప్‌లో ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్ చేయించండి. ప్రీపెయిడ్ అయితే వెళ్లే దేశానికి ఏ ప్యాక్ ఉందో చూసి, నెల మధ్యలో ముగిసిపోని గడువుతో రీఛార్జ్ చేయండి. ఓటీపీలు మాత్రమే కావాలంటే పెద్ద డేటా ప్యాక్ అక్కర్లేదు. రోమింగ్‌లో వచ్చే ఎస్ఎంఎస్‌లకి సాధారణంగా డబ్బులు పడవు. అయినా మీ ప్లాన్ వివరాలు ఒకసారి చదవండి. రీఛార్జ్ గడువు తేదీ ఇంట్లో కేలండర్ మీద పెన్నుతో రాసి, రీఛార్జ్ చేసే బాధ్యత ఇంట్లో ఒకరికి అప్పజెప్పండి. ప్లాన్ గడువు దాటాక కొన్నాళ్లకి ఇన్‌కమింగ్ కూడా ఆగుతుంది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నియమం ప్రకారం 90 రోజులు ఏ వాడకమూ లేకపోతే నంబరు తీసేసే హక్కు కంపెనీకి వస్తుంది.

ఇప్పుడు ఆ 10 రోజుల సంగతి. అమెరికాలో అమ్మే ఐఫోన్లకి 2022లో వచ్చిన ఐఫోన్ 14 నుంచి సిమ్ పెట్టే ట్రే లేదు, ఈ-సిమ్ ఒక్కటే. అక్కడికి వెళ్లాక ఐఫోన్ కొనాలనుకుంటే మీ ఇండియా నంబరు ప్లాస్టిక్ సిమ్‌గా ఉంటే ఎందులో పెడతారు? కాబట్టి ఇక్కడ ఉండగానే ఈ-సిమ్‌గా మార్పించుకోండి. జియో, ఎయిర్‌టెల్, వీఐ మూడూ ఇస్తాయి, యాప్‌లోనో స్టోర్‌లోనో పని అవుతుంది. అయితే సిమ్ మార్చిన తర్వాత 24 గంటల పాటు ఎస్ఎంఎస్‌లు రావు, పోవు. మోసగాళ్లు దొంగ సిమ్ తీసి ఓటీపీలు లాక్కోకుండా పెట్టిన నియమం ఇది. శంషాబాద్ బస్సు ఎక్కే రోజున ఈ మార్పు పెట్టుకుంటే ఫారెక్స్ కార్డు ఓటీపీ, టికెట్ ఓటీపీ ఏవీ రావు. మార్చాక నాలుగు రోజులు వాడి చూసి అప్పుడు వెళ్లండి. కొన్ని నెలలకే వెళ్లొచ్చే పెద్దవాళ్లకి మాత్రం నేను ఈ-సిమ్ చెప్పను. మన నంబరు ప్లాస్టిక్ సిమ్‌గానే ఉంచి, అక్కడిది ఈ-సిమ్‌గా వేయించడం మేలు. ఫోన్ కింద పడి స్క్రీన్ పగిలినా సిమ్ తీసి ఇంకో ఫోన్‌లో వేసుకోవచ్చు.

ఎక్కువ కాలం ఉండబోయేవాళ్లు బ్యాంకు ఖాతాని ఎన్‌ఆర్‌ఓ లేదా ఎన్‌ఆర్‌ఈగా (విదేశాల్లో ఉండే భారతీయుల ఖాతాలు) మార్చుకుని విదేశీ నంబరునే నమోదు చేయించుకోవచ్చు. 2023 జనవరిలో యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ పది దేశాల నంబర్లతో యూపీఐకి అనుమతి ఇచ్చింది: సింగపూర్, అమెరికా, ఆస్ట్రేలియా, కెనడా, హాంకాంగ్, ఒమన్, ఖతార్, సౌదీ, యూఏఈ, బ్రిటన్. మీ బ్యాంకు ఇస్తోందో లేదో బ్రాంచిలో అడగండి.

అయిదో మెట్టు: దిగగానే ఫోన్ సెట్టింగులు

విమానంలోనే, ఇంకా ఫ్లైట్ మోడ్‌లో ఉండగానే, ఇండియా సిమ్‌కి డేటా రోమింగ్ ఆఫ్ చేయండి. డేటాకి అక్కడి సిమ్‌ని ఎంచుకోండి. రెండు సిమ్‌ల మధ్య డేటాని తనంతట తానే మార్చే ఆప్షన్ ఉంటుంది, అదీ ఆపేయండి. లేకపోతే అక్కడి సిగ్నల్ కాస్త తగ్గగానే ఫోన్ మన సిమ్ మీద డేటా లాగేస్తుంది.

డేటా ఆపినా కాల్స్‌కి డబ్బు పడుతుంది. గుంటూరు నుంచి అమ్మ మీ పాత నంబరుకి చేస్తే ఆవిడకి లోకల్ కాల్ లెక్కే. ఆ కాల్ ఇక్కడి కంపెనీకి చేరి, అక్కడి నుంచి సముద్రాలు దాటి మీ దగ్గరికి వస్తుంది. ఆ రెండో ప్రయాణం ఖర్చు ఎత్తినవాళ్లది. ప్యాక్ లేకపోతే నిమిషానికి వంద రూపాయల దాకా పోవచ్చు. ఇంట్లోవాళ్లకి ఈ మాట ముందే చెప్పి, వాట్సాప్‌లో చేయమనండి. ఎత్తని కాల్స్‌ని ఇంకో నంబరుకి మళ్లించేలా గతంలో పెట్టుకున్నట్టయితే, బయల్దేరే ముందు ##002# డయల్ చేసి అన్నీ తీసేయండి. మీరు ఎత్తకపోయినా ఆ మళ్లింపుకి రోమింగ్ బిల్లు పడే వీలుంది. ఐఫోన్‌లో కొత్త సిమ్ వేసినప్పుడు ఐమెసేజ్, ఫేస్‌టైమ్ తమ ధ్రువీకరణ కోసం మీకు తెలియకుండా ఒక అంతర్జాతీయ ఎస్ఎంఎస్ పంపుతాయి, దానికీ ఛార్జీ ఉంటుంది.

దుబాయ్, షార్జా వెళ్లేవాళ్లకి వేరే మాట. యూఏఈ నెట్‌వర్క్‌ల మీద వాట్సాప్ మెసేజ్‌లు పోతాయి, వాట్సాప్ కాల్స్ పోవు. అక్కడ అనుమతి ఉన్న బోటిమ్ లాంటి యాప్‌ని ఇక్కడే అమ్మానాన్నల ఫోన్‌లోనూ వేసి, ఒకసారి కాల్ చేసి చూపించి వెళ్లండి. మర్నాడు ఎవరూ కంగారు పడరు.

అక్కడి ఫోన్‌తో ఇక్కడికి వచ్చేవాళ్లకి

సంక్రాంతికి మా తోడల్లుడు అమెరికా నుంచి వచ్చాడు. బీసెంట్ రోడ్డులో ఒక మొబైల్ షాపుకి తీసుకెళ్లాను. కౌంటర్ వెనక కుర్రాడు సిమ్ పిన్ను పట్టుకుని ఫోన్‌ని ఎడమ అంచు చూశాడు, కుడి అంచు చూశాడు, తిప్పి కింద చూశాడు. పిన్ను పెట్టడానికి కన్నమే లేదు. పిన్ను కౌంటర్ మీద పెట్టి, “సార్, ఇది అమెరికా ఫోనా? అయితే ఈ-సిమ్ వేయాలి, అరగంట ఆగండి” అన్నాడు. ఆ షాపులో పని జరిగింది. అన్ని చిన్న షాపుల్లోనూ జరగదు. అలాంటి ఫోన్ ఉన్నవాళ్లు సూటిగా కంపెనీ సొంత స్టోర్‌కి వెళ్లండి.

పత్రాల సంగతి. ఆధార్ ఉన్న భారత పౌరులకి వేలిముద్రతో పని అయిపోతుంది. విదేశీ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు పాస్‌పోర్టు, వీసా లేదా ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకి మన ప్రభుత్వం ఇచ్చేది), ఇక్కడ ఉండే చిరునామా చూపించాలి. యాక్టివేషన్‌కి కొంత సమయం పడుతుంది. సాయంత్రం రైలు ఉంటే పొద్దున్నే వెళ్లండి. తొందరలో మీ పేరున సిమ్ తీసి చుట్టాలకి ఇచ్చేయకండి. ఆ నంబరుతో ఏం జరిగినా జవాబు చెప్పాల్సింది మీరే. మీ పేరున ఎన్ని నంబర్లు ఉన్నాయో ప్రభుత్వ సంచార్ సాథీ పోర్టల్‌లో చూడొచ్చు. మన రాష్ట్రం వాళ్లకి ఒకరి పేరున మొత్తం తొమ్మిదికి మించి ఉండకూడదు.

ఏ నెట్‌వర్క్ తీసుకోవాలి? జియో 2016 సెప్టెంబరులో మొదలైనప్పటి నుంచీ దానికి 2జీ లేదు, 3జీ లేదు. కాల్ పోవాలంటే వోల్టీయే. విదేశీ ఆండ్రాయిడ్ ఫోన్‌లో జియో వోల్టీ పనిచేయకపోతే మా మేనకోడలికి అక్కడ అయినట్టే ఇక్కడా అవుతుంది. ఎయిర్‌టెల్, వీఐ, బీఎస్‌ఎన్‌ఎల్‌కి ఇంకా 2జీ ఉంది కాబట్టి వోల్టీ లేకపోయినా కాల్ దానిమీద పోతుంది, కాల్ జరుగుతున్నంతసేపు నెట్ ఆగుతుంది అంతే. అందుకే పాత ఆండ్రాయిడ్ తెచ్చినవాళ్లకి నేను ఈ మూడిట్లో ఒకటి చెప్తాను. ఐఫోన్‌కి ఏదైనా పర్వాలేదు. కాల్స్ వచ్చి నెట్ రాకపోతే సెట్టింగ్స్‌లో ఏపీఎన్ (నెట్‌కి ఏ కంపెనీ దారి వాడాలో ఫోన్‌కి చెప్పే పేరు) చూడండి. పాత విదేశీ కంపెనీ పేరు అలాగే ఉండిపోయి ఉంటుంది. జియోకి జియోనెట్, బీఎస్‌ఎన్‌ఎల్‌కి బీఎస్‌ఎన్‌ఎల్‌నెట్ అని ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కలిపి టైప్ చేసి, ఫోన్ ఆఫ్ చేసి ఆన్ చేస్తే వస్తుంది.

ఎవరి దగ్గరైనా విదేశీ సెకండ్ హ్యాండ్ ఫోన్ కొంటుంటే డబ్బు ఇచ్చే ముందు దాని ఐఎంఈఐ చూడండి. ఇంగ్లిష్‌లో కేవైఎమ్ అని మూడు పెద్ద అక్షరాలు, ఒక ఖాళీ, తర్వాత 15 అంకెలు కొట్టి 14422కి ఎస్ఎంఎస్ పంపితే వివరాలు వస్తాయి. బ్లాక్ అయినదని వస్తే అక్కడితో వదిలేయండి.

గల్ఫ్ నుంచి, ఓడల మీద నుంచి వచ్చేవాళ్లలో కొందరి దగ్గర తురాయా, ఇరీడియం శాటిలైట్ ఫోన్లు ఉంటాయి. టెలికాం శాఖ అనుమతి లేకుండా వాటిని ఇండియాకి తేవడం నేరం, విమానాశ్రయంలోనే పట్టుకుంటారు. తేవొద్దని ముందే చెప్పండి.

ఛార్జర్ గురించి రెండు ముక్కలు. వెనక సన్నటి అక్షరాల్లో 100-240 వోల్టులు అని ఉంటే ఏ దేశంలోనైనా పనిచేస్తుంది, ప్లగ్ ఆకారానికి అడాప్టర్ ఉంటే చాలు. అమెరికాలో 120 వోల్టులే, మన 230కి సరిపడేలా చేయని అక్కడి పాత సామాను ఇక్కడ పెడితే కాలిపోతుంది. బ్రిటన్, గల్ఫ్, సింగపూర్‌లకి ఒకే రకం మూడు బల్లపరుపు కాళ్ల ప్లగ్.

బయల్దేరే ముందు రాత్రి ఒక తెల్లకాగితం తీసుకుని ఐఎంఈఐలు, ఇండియా నంబరు రీఛార్జ్ గడువు, మన కంపెనీ విదేశాల నుంచి చేయగల కస్టమర్ కేర్ నంబరు, వెళ్లే దేశపు అత్యవసర నంబరు రాయండి. అమెరికాకి 911, ఆస్ట్రేలియాకి 000, యూఏఈ పోలీసుకి 999. ఒక కాపీ పాస్‌పోర్టులో, ఒకటి అమ్మ దగ్గర. మా అక్క తన కాపీని ఫ్రిజ్ తలుపుకి అయస్కాంతంతో అంటించుకుంది. పైన డాలస్ టైము, కింద గుంటూరు టైము పెన్సిల్‌తో రాసుకుంది.